లా చదివే పిల్లలకి పైదేశాల స్కాలర్‌షిప్పులు: మన గోదావరి వాళ్ళకి వస్తాయా?

పాలకొల్లు_మాస్టారు:
అందరికీ నమస్కారమండి. మా అక్క కూతురు విశాఖపట్నంలో అయిదేళ్ళ లా చేస్తోంది, ఇది ఆఖరి సంవత్సరం. మార్కులు బాగానే వస్తున్నాయి, ఫస్ట్ క్లాస్. మా బావకి సొంత భూమి లేదు, మూడెకరాలు మక్తాకి చేస్తాడు, సార్వా పోతే దాళ్వా మీద ఆశ అన్నట్టు గడుస్తోంది. ఈమధ్య వీళ్ళ సీనియర్ అమ్మాయి ఒకావిడకి ఇంగ్లండులో చదవడానికి స్కాలర్‌షిప్ వచ్చిందంట, ఫీజు, విమానం టికెట్టు, నెలనెలా ఖర్చులు అన్నీ వాళ్ళే ఇస్తారంట, అది విన్న దగ్గర్నించీ పిల్ల మనసంతా దానిమీదే ఉంది. చుట్టాలేమో అవన్నీ పెద్ద కాలేజీల పిల్లలకే గానీ మన కొంపల్లో పిల్లలకి కాదు, ముందు సంబంధాలు చూడండి అంటున్నారు. నేను హైస్కూల్లో సైన్సు చెప్తాను, ఈ లా చదువుల సంగతి నాకు తెలీదు. నిజంగా వస్తాయా? ఎప్పుడు అప్లై చెయ్యాలి, ఏం కావాలి? తెలిసినవాళ్ళు వివరంగా చెప్తే పిల్లకి చూపిస్తాను.

గోదారిగట్టు_వకీలు:
మాస్టారూ, వస్తాయండి. నేను రాజమండ్రి బార్‌లో ఉంటాను, మా జూనియర్లలో ప్రయత్నం చేసినవాళ్ళని చూశాను కాబట్టి చెప్తున్నా. ముందు ఏవేంటో తెలుసుకోండి. రోడ్స్ అంటే ఒక్క ఆక్స్‌ఫర్డ్‌కే, సెసిల్ రోడ్స్ 1902లో పోయాక ఆయన వీలునామా ప్రకారం మొదలైంది, చాలా తక్కువ మందికి ఇస్తారు, వయసు మామూలుగా 24 నిండకూడదు, డిగ్రీ ఆలస్యంగా పూర్తయిన వాళ్ళకి 27 దాకా వెసులుబాటు ఉంటుంది. గేట్స్ కేంబ్రిడ్జి కేంబ్రిడ్జికి మాత్రమే, 2000లో బిల్ గేట్స్ ఫౌండేషన్ ఇచ్చిన 21 కోట్ల డాలర్లతో పెట్టారు. చీవెనింగ్ బ్రిటన్ ప్రభుత్వానిది, ఏడాది మాస్టర్స్‌కి. ఫెలిక్స్ మన దేశపు పిల్లలకి, ఆక్స్‌ఫర్డ్, లండన్‌లోని సోయాస్, రెడింగ్ ఈ మూడు యూనివర్సిటీల్లో, చదువులో ముందుండి డబ్బుకి ఇబ్బంది పడేవాళ్ళకి. ఇన్‌లాక్స్ 1976 నుంచీ ఉంది, దానికి సీటు చేతిలో ఉండాలి, ముప్పై ఏళ్ళ లోపు వయసుండాలి. టాటా వాళ్ళ ఎండోమెంటు 1892 నాటిది, ఎంతో మందిని చదివించింది గానీ అది అప్పు కింద ఇచ్చే స్కాలర్‌షిప్పు, ఉచితం అనుకుని దిగొద్దు.

టంగుటూరి ప్రకాశం గారు మా రాజమండ్రిలో ప్లీడరుగా చేసి, మునిసిపల్ చైర్మన్ అయి, ఆ తర్వాత ఇంగ్లండు వెళ్ళి బారిస్టర్ అయి వచ్చారు. ఆ రోజుల్లో ఓడెక్కి వెళ్ళారు. ఇవాళ ఫారం మన ఫోన్లోనే ఉంది. చుట్టాల మాట పక్కన పెట్టండి.

రాజోలు_ఏటిగట్టు:
వకీలు గారూ పేర్లు చెప్పడం బాగానే ఉందండి, ఎవరికొస్తున్నాయో కూడా చెప్పండి మరి. రోడ్స్ వచ్చిన లా పిల్లల లిస్టు చూస్తే బెంగుళూరు నేషనల్ లా స్కూలు, హైదరాబాద్ నల్సార్, కలకత్తా, ఇవే. మా ఊళ్ళో కాలేజీలో లా చదివి, తెలుగులో పరీక్ష రాసి, అమలాపురం కోర్టు మెట్ల మీద నించున్నవాడికి ఆక్స్‌ఫర్డ్ ఏంటండి. నాకు పిల్లని నిరుత్సాహపరచాలని లేదు, రేపు రాకపోతే ఆ అమ్మాయి ఏమైపోతుందని నా బాధ. మా అన్నయ్య కొడుకు ఇలాగే రెండేళ్ళు ఆశతో కూర్చుని అటు ప్రాక్టీసూ లేక ఇటు సీటూ లేక చాలా నలిగిపోయాడు.

ముమ్మిడివరం_అమ్మాయి:
ఏటిగట్టు గారూ మీ బాధ నాకు తెలుసండి, కానీ నేను ఆ కోర్టు మెట్ల మీద నించున్నదాన్నే. మూడేళ్ళ లా ప్రైవేటు కాలేజీలో చదివి, అమలాపురంలో జూనియర్‌గా చేసి, చీవెనింగ్‌తో స్కాట్లండ్ వెళ్ళి ఎనర్జీ లా చదివి వచ్చాను. ఇక్కడ కాస్త పొడుగ్గా రాస్తాను, మాస్టారు గారి పిల్లకి పనికొస్తుంది.

మొదటి సంగతి, కాలేజీ పేరు మీద చీవెనింగ్‌లో ఎక్కడా ప్రశ్న లేదు. నాలుగు వ్యాసాలు రాయిస్తారు: నాయకత్వం గురించి, మనుషుల్ని కూడగట్టడం గురించి, ఫలానా కోర్సే ఎందుకు అని, తిరిగొచ్చాక ఏం చేస్తావు అని. నేను మా సీనియర్ గారి దగ్గర చేసిన పనంతా గ్యాస్ పైపులైను ఫైళ్ళే. మన కోనసీమలో పొలాల కింద నుంచి పైపులైన్లు ఎన్ని వెళ్తున్నాయో మీకు తెలీనిది కాదు, 2014 జూన్‌లో నగరం అనే ఊళ్ళో గ్యాస్ పైపులైను పేలడం ఎవరం మర్చిపోలేదు. 1962 నాటి పెట్రోలియం పైపులైన్ల చట్టం ప్రకారం భూమి రైతుదే, కానీ కింద గొట్టం వేసుకుని వాడుకునే హక్కు పైపులైను వాళ్ళకి పోతుంది, దానికి ఇచ్చే పరిహారం నోటిఫికేషన్ నాటి మార్కెట్ విలువలో 10 శాతం, పంట నష్టం వేరే. ఆ గొట్టం పోయిన మేర చెట్టు పెట్టకూడదు, ఇల్లు కట్టకూడదు, చెరువు తవ్వకూడదు. కొబ్బరి తోట మీద బతికే రైతుకి చెట్టు పెట్టకూడని భూమి ఎందుకండీ? ఒక పెద్దాయన తోట మధ్యలో ఎర్ర అక్షరాల హెచ్చరిక రాయి, దానికి ఇటూ అటూ ఖాళీ, ఆ ఖాళీలో ఆయన పశువులకి గడ్డి వేసుకుంటున్నాడు, పరిహారం కాయితాలు పాలిథిన్ కవర్లో చుట్టి దేవుడి పటం వెనకాల పెట్టుకున్నాడు. ఇలాంటి రైతులందర్నీ ఒకచోట కూర్చోబెట్టి, ఎవరికి ఎంతొచ్చింది ఎంత రావాలి అని పట్టిక తయారుచేసి, కలిపి అర్జీలు వేశాం. నా నాయకత్వం వ్యాసం అంతా అదే. ఇంటర్వ్యూలో కూడా ఆ 10 శాతం మీదే ఎక్కువసేపు అడిగారు, వేరే దేశాల్లో ఎలా ఇస్తారు, ఇక్కడ ఏం మారాలంటావు అని.

రెండో సంగతి, ఆఖరి సంవత్సరం పిల్లలు చీవెనింగ్‌కి వెంటనే అప్లై చెయ్యలేరు. 2,800 గంటల పని అనుభవం ఉండాలి, అంటే దాదాపు రెండేళ్ళు. జీతం లేని పనీ, ఇంటర్న్‌షిప్పూ కూడా లెక్కలోకి వస్తాయి, అందుకని జూనియర్‌గా చేసిన కాలం పనికొస్తుంది. ఏటా ఆగస్టులో తెరిచి అక్టోబరులో మూసేస్తారు. అప్లై చెయ్యడానికి రూపాయి కట్టక్కర్లేదు. మూడు కోర్సులు ఎంచుకోవాలి, యూనివర్సిటీ సీటుకి విడిగా మనమే అప్లై చేసుకోవాలి. చదువయ్యాక కనీసం రెండేళ్ళు మన దేశంలో ఉండాలి, అది షరతు. నాకది కష్టమనిపించలేదు, నా ఫైళ్ళన్నీ ఇక్కడే ఉన్నాయి కదా.

పాలకొల్లు_మాస్టారు:
తల్లీ, చదువుతుంటే కళ్ళు చెమ్మగిల్లాయమ్మా. మా పిల్లకి ఇప్పుడే పంపించాను. ఒక సందేహం, జూనియర్‌గా చేసినట్టు రుజువు ఏం చూపిస్తారు? జీతం చీటీ ఉండదు కదా.

ముమ్మిడివరం_అమ్మాయి:
సీనియర్ గారి ఉత్తరం ఉండాలండి. నేనైతే దానితోపాటు వకాలత్ మీద నా పేరు ఉండేలా మొదట్నించీ అడిగి పెట్టించుకున్నాను, రోజూ ఏ కోర్టులో ఏ కేసు, ఎన్ని గంటలు అని డైరీ రాసుకున్నాను. చాలామంది సీనియర్లు జూనియర్ల పేరు వకాలత్‌లో వెయ్యరు, మొహమాటపడకుండా అడగమనండి.

తణుకు_తమ్ముడు:
అక్కా ఈ వ్యాసాలు రాసిపెట్టే కన్సల్టెన్సీలు ఉన్నాయి కదా, మా ఫ్రెండు ఒకడు ఒకచోట ఎనభై వేలు కట్టాడు, ఎస్ఓపీ (ఎందుకు చదవాలనుకుంటున్నామో మనం రాసే స్టేట్‌మెంట్), సిఫారసు ఉత్తరాలు అన్నీ వాళ్ళే చూస్కుంటారంట, అలాంటిది బెటరా?

అత్తిలి_లా_లెక్చరర్:
తమ్ముడూ ఆ పని మాత్రం చెయ్యొద్దమ్మా, మీ ఫ్రెండుకి కూడా చెప్పు. నేను లా కాలేజీలో పాఠాలు చెప్తాను, ఇలాంటి ఎస్ఓపీలు చాలా చదివాను. అన్నిట్లోనూ చిన్నప్పట్నించీ న్యాయం అంటే నాకు ప్రాణం అనే ఉంటుంది, పేరు మార్చి ఎవరికైనా తగిలించొచ్చు. రోడ్స్ వాళ్ళయితే స్టేట్‌మెంట్ ఎవరి సాయం లేకుండా సొంతంగా రాసిందే అయి ఉండాలని గట్టిగా రాసిపెట్టారు. వేరొకళ్ళు రాసింది తీసుకెళ్ళి ఇంటర్వ్యూలో కూర్చుంటే రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

ఉత్తరాల సంగతి ఇంకా ముఖ్యం. మన దగ్గర ఎక్కువమంది మాస్టార్లు నువ్వే రాసుకురా నేను సంతకం పెడతా అంటారు. దానివల్ల పిల్లలకి అన్యాయం జరుగుతోంది, నా తోటివాళ్ళతో ఈ విషయం మీద చాలాసార్లు గొడవపడ్డాను. ఉత్తరం ఎవరు రాస్తే ఆ పిల్ల గురించి మనసుతో రాస్తారో చూసుకోవాలి, పెద్ద పదవి ఉన్నవాళ్ళు రాసిన నాలుగు వాక్యాల కంటే మూట్ కోర్టుకి, అంటే కాలేజీ పిల్లల నమూనా కోర్టు పోటీకి, తయారుచేసిన లెక్చరర్ రాసిన రెండు పేజీలు మేలు. పిల్ల ఏ వాదన చేసింది, ఎక్కడ తడబడి ఎలా సర్దుకుంది, ఏ రిపోర్టు రాసింది, ఇవి ఉండాలి. అందుకని అడిగేటప్పుడే తను చేసిన పనుల కాగితం ఒకటి ఇవ్వమనండి, గడువుకి రెండు నెలల ముందే అడగమనండి.

ఆడపిల్లల తల్లిదండ్రులకి ఇంకో మాట. కార్నీలియా సొరాబ్జీ అనే ఆవిడ బొంబాయి ప్రెసిడెన్సీలో పరీక్షల్లో ముందు నిలిచినా, ఇంగ్లండులో చదివే ప్రభుత్వ స్కాలర్‌షిప్పు ఆడదని ఇవ్వలేదు, అక్కడివాళ్ళు చందాలు పోగుచేసి చదివించారు. 1889లో ఆక్స్‌ఫర్డ్ వెళ్ళి, 1892లో అక్కడి లా డిగ్రీ బీసీఎల్ పరీక్ష రాసిన మొదటి స్త్రీ ఆవిడే, అయినా డిగ్రీ చేతికి రావడానికి 1922 దాకా ఆగాల్సొచ్చింది. రోడ్స్ కూడా 1977 దాకా ఆడపిల్లలకి ఇవ్వలేదు. ఇన్ని తలుపులు ఒక్కొక్కటీ తెరుచుకున్నాక ఇప్పుడు మనమే ఇంట్లో కూర్చోబెట్టి గొళ్ళెం వెయ్యడం ఏం న్యాయమండి?

రాజోలు_ఏటిగట్టు:
లెక్చరర్ గారూ మంచి మాట చెప్పారు. ముమ్మిడివరం అమ్మాయి గారూ మీరు రాసింది రెండుసార్లు చదివాను, ఆ పైపులైను మా పెదనాన్న గారి చేలోంచి కూడా వెళ్ళింది. కానీ మాస్టారి పిల్లకి డబ్బు లేదు, పూర్తిగా ఇచ్చేవి కొన్నే, వాటికి పోటీ పడేది దేశం మొత్తం. ప్రభుత్వానివి ఏమీ లేవా?

లంకల_నుంచి:
ఉందండి. నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ అని కేంద్ర సామాజిక న్యాయ శాఖ ఇస్తుంది, 1950లలో మొదలైంది. నేను దానిమీదే ఇంగ్లండులో ఎల్ఎల్ఎం, అంటే లాలో మాస్టర్స్, చేశాను. మొత్తం 125 మందికి: ఎస్సీలకి 115, సంచార జాతులకి 6, భూమిలేని వ్యవసాయ కూలీలు, సంప్రదాయ చేతివృత్తుల వాళ్ళ పిల్లలకి 4. ఎస్టీలకి గిరిజన శాఖ విడిగా 20 ఇస్తుంది. మా దాంట్లో ముప్పై శాతం ఆడపిల్లలకి. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షలు దాటకూడదు, వయసు 35 లోపు, మార్కులు 60 శాతం, క్యూఎస్ అనే ప్రపంచ ర్యాంకుల్లో మొదటి 500 యూనివర్సిటీల్లో సీటు ఉండాలి. ఫీజు మొత్తం వాళ్ళే కడతారు, బ్రిటన్‌లో అయితే ఖర్చులకి ఏడాదికి 9,900 పౌండ్లు ఇస్తారు. లండన్‌లో ఆ డబ్బుతో ఉండటం చాలా కష్టం, వేరే ఊళ్ళలో జాగ్రత్తగా ఉంటే సరిపోతుంది.

ఒక్కటి బాగా గుర్తుపెట్టుకోండి. 2022-23 నుంచి భారతీయ సంస్కృతి, చరిత్ర, మన దేశపు సామాజిక విషయాల మీద పరిశోధనకి ఈ డబ్బు ఇవ్వకూడదని రూలు పెట్టారు. మన కులం గురించో మన భూమి గురించో బయట చదవాలనుకునే పిల్లలకి ఇది పెద్ద దెబ్బ, ఆ రూలు తీసెయ్యాలని నేను గట్టిగా అనుకుంటాను. కానీ ఉన్నంతకాలం కోర్సు ఎంచుకునేటప్పుడే చూసుకోవాలి.

రాజోలు గారూ, మీ జిల్లాకే అంబేద్కర్ పేరు పెట్టారు కదా. ఆయన 1913లో కొలంబియా వెళ్ళింది బరోడా మహారాజు ఇచ్చిన నెలకి పదకొండున్నర పౌండ్ల స్కాలర్‌షిప్‌తోనే. మూడేళ్ళకి ఇచ్చారు, తిరిగొచ్చి పదేళ్ళు సంస్థానంలో పని చెయ్యాలని ఒప్పందం రాయించుకున్నారు. తర్వాత లండన్ చదువు పూర్తిచెయ్యడానికి ఉద్యోగం చేసి డబ్బు కూడబెట్టుకుని మళ్ళీ వెళ్ళారు. అందుకే ఒక ఏడు రాలేదని వదిలెయ్యొద్దంటాను. మీ అన్నయ్య కొడుకుని ప్రాక్టీసు చేసుకుంటూనే మళ్ళీ వెయ్యమనండి.

లా_ఫైనలియర్:
నమస్తే అండి, మాస్టారు గారి మేనకోడల్ని. మావయ్య లింకు పంపిస్తే ఐడీ తెరిచాను. అందరికీ థాంక్స్, ముఖ్యంగా ముమ్మిడివరం అక్కకి. నా దగ్గర గొప్ప మూట్ ప్రైజులేం లేవక్కా. లీగల్ ఎయిడ్ క్లినిక్ తరఫున వేసవి సెలవుల్లో మా మండలంలో కౌలు రైతుల కార్డుల గురించి తిరిగాను. 2019 చట్టం కింద సీసీఆర్సీ కార్డు (పంట సాగుదారు హక్కుల కార్డు) రావాలంటే భూమి యజమాని సంతకం కావాలి, పదకొండు నెలలకే చెల్లుతుంది. సంతకం పెట్టడానికి యజమానులు ఒప్పుకోవట్లేదు. కార్డు లేకపోతే బ్యాంకు అప్పు రాదు, పంట పోతే పరిహారం యజమాని ఖాతాలో పడుతుంది. మా నాన్నకీ కార్డు లేదు. నేను కలిసిన రైతులందరి వివరాలు నోటుబుక్కులో రాసుకున్నాను, ఎందుకు సంతకం పెట్టలేదో కొందరు యజమానుల్ని కూడా అడిగాను. ఇది స్కాలర్‌షిప్‌కి పనికొచ్చే పనేనా?

అత్తిలి_లా_లెక్చరర్:
పనికొస్తుందా అని అడుగుతున్నావేంటమ్మా! ఆ నోటుబుక్కు జాగ్రత్త. యజమానులు ఏమన్నారో అది కూడా రాయి, అందరూ రైతు బాధ రాస్తారు గానీ అవతలివాళ్ళ భయం ఎవరూ అడగరు.

గోదారిగట్టు_వకీలు:
ఆ భయం ఎక్కడిదో చెప్తాను తల్లీ. 1956 కౌలు చట్టంలో కౌలుకి కనీసం ఆరేళ్ళు అని, భూమి అమ్మితే కొనే హక్కు ముందు కౌలుదారుకే అని ఉంది. అప్పట్నించీ మన డెల్టాలో కాయితం రాయడం అంటేనే యజమానికి హడల్, నోటి మాట మీద మక్తా నడుస్తోంది. 2011 చట్టంలో యజమాని సంతకం లేకుండా రుణ అర్హత కార్డు ఇచ్చారు, 2019లో దాన్ని తీసేసి సంతకం పెట్టారు. ఈ మూడు చట్టాలూ పక్కపక్కన పెట్టి, నీ నోటుబుక్కులో మనుషుల్ని వాటికి ముడిపెట్టి రాశావంటే ఏ యూనివర్సిటీ వాడైనా కూర్చుని చదువుతాడు. ముందు దీన్ని ఒక వ్యాసంగా ఏదైనా లా జర్నల్‌కి పంపించు.

లా_ఫైనలియర్:
1956 చట్టం మాకు సిలబస్‌లో పేరు చెప్పి వదిలేశారండి. ఈ వారమే చదువుతాను. ఇంకో అనుమానం, జడ్జి పరీక్షలు రాయాలని కూడా ఉంది. ఎల్ఎల్ఎంకి వెళ్తే అది దెబ్బతింటుందా? ఏడాది ఎల్ఎల్ఎం ఇక్కడ చెల్లదని కూడా కొందరంటున్నారు.

గోదారిగట్టు_వకీలు:
రెండు వేరే సంగతులమ్మా. జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకి మూడేళ్ళ ప్రాక్టీసు ఉండాలని 2025 మేలో సుప్రీం కోర్టు చెప్పింది. చదువుకున్న ఏడాది ప్రాక్టీసు కిందకి రాదు, కాబట్టి ముందు బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ అయి ప్రాక్టీసు మొదలుపెట్టు, చీవెనింగ్‌కీ అదే అనుభవం పనికొస్తుంది, ఒక దెబ్బకి రెండు పిట్టలు. ఎల్ఎల్ఎం సంగతికొస్తే, కోర్టులో వాదించడానికి దానితో పనే లేదు, ఎల్ఎల్‌బీ, ఎన్‌రోల్‌మెంటు, బార్ పరీక్ష ఉంటే చాలు. చిక్కంతా ఇక్కడ లెక్చరర్ ఉద్యోగం కావాలంటేనే. 2020లో బార్ కౌన్సిల్ రూల్స్ తెచ్చి ఏడాది ఎల్ఎల్ఎం మీద ఆంక్షలు పెట్టింది, దానిమీద సుప్రీం కోర్టుకి వెళ్ళారు. పాఠాలు చెప్పే ఆలోచన ఉంటే ఆ రూల్స్ చదివి దిగు.

రోడ్స్‌కి మాత్రం నీకు వయసు ఇప్పుడే సరిపోతుంది, ఈ ఏడే వెయ్యి. ఆ స్టేట్‌మెంట్ మా ఎవరికీ చూపించొద్దు, నోటుబుక్కు పక్కన పెట్టుకుని నువ్వే రాసుకో.

తణుకు_తమ్ముడు:
ఇంగ్లీషు పరీక్ష గురించి ఎవరూ చెప్పలేదు. ఐఈఎల్‌టీఎస్ ఎంత రావాలి?

ముమ్మిడివరం_అమ్మాయి:
లా కోర్సులకి మిగతావాటికంటే ఎక్కువ అడుగుతారు, 7, 7.5 దాకా. రైటింగ్‌లోనే మనవాళ్ళకి తగ్గుతుంది. ఆరు నెలలు రోజూ ఒక తీర్పు చదివి ఒక పేజీలో దాని సారాంశం సొంత ఇంగ్లీషులో రాస్తే చాలా మార్పొస్తుంది, నేను తెలుగు మీడియంలోనే చదివాను. ఫైనలియర్ చెల్లీ, నువ్వు నరసాపురంలో గానీ భీమవరంలో గానీ ప్రాక్టీసు పెట్టు, మీ మండలానికి దగ్గర, ఆ రైతులతో పని తెగిపోదు. విశాఖలో ఉండిపోతే నోటుబుక్కు అక్కడితో ఆగిపోతుంది.

పాలకొల్లు_మాస్టారు:
అక్కకీ బావకీ ఇదంతా చదివి వినిపించానండి. బావ ఏం మాట్లాడలేదు గానీ, ఆ కార్డు విషయం ఆ పుస్తకంలో నా పేరు కూడా రాశావా అని అడిగాడు పిల్లని. రాశానంది. సంబంధాల మాట ప్రస్తుతానికి పక్కన పెట్టారు. రాజోలు గారూ, మీరు నిలదీసి అడగబట్టే ఇన్ని విషయాలు బయటికొచ్చాయి.

రాజోలు_ఏటిగట్టు:
పిల్లకి మంచి జరగాలండి. మా అన్నయ్య కొడుక్కి ఈ లింకు పంపించాను. వాడికి ఇప్పుడు 31, రోడ్స్, ఇన్‌లాక్స్ రెండూ దాటిపోయాయి. వాడికింక దారేమన్నా ఉందా?

ముమ్మిడివరం_అమ్మాయి:
చీవెనింగ్‌కి వయసు పరిమితి లేదండి. నాతో చదివినవాళ్ళలో నలభై దాటినవాళ్ళున్నారు. ప్రాక్టీసు చేస్తున్నారా ఇప్పుడు?

రాజోలు_ఏటిగట్టు:
రాజోలు కోర్టులోనే, రొయ్యల చెరువుల కేసులు ఎక్కువ చూస్తాడు. ఉప్పు నీళ్ళు పక్క చేలోకి దిగి వరి పోతోందని రైతులు వేసేవి.

ముమ్మిడివరం_అమ్మాయి:
తీరప్రాంతపు రొయ్యల చెరువుల మీద సుప్రీం కోర్టు ఇచ్చిన 1996 జగన్నాథ్ తీర్పు, 2005 కోస్టల్ ఆక్వాకల్చర్ చట్టం, ఇంక ఆయన సొంత కేసులు. రాయడానికి కావాల్సినంత ఉందండి. ఆగస్టులో ఫారం తెరుస్తారు, ఐడీ తెరిచి ఇక్కడికి రమ్మనండి, తన ఫైళ్ళలో ఏది ముందు పెట్టాలో కూర్చుని మాట్లాడుకుందాం.